పొట్టేలు తోలు ఒలిచే కత్తికి నాలుగంగుళాలు చాలు

పెళ్లికో, తిరునాళ్లకో, కనుమకో మన వైపు వేటను కోసే చోట కత్తిని ఒకసారి పరీక్షగా చూడండి. ఎక్కువ చోట్ల ఒకటే ఉంటుంది. అడుగు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, వెన్ను దగ్గర ఐదారు మిల్లీమీటర్ల మందం. గొంతు కోసేదీ దాంతోనే, తోలు ఒలిచేదీ దాంతోనే, పొట్ట చీల్చేదీ దాంతోనే. చివరకు చింత మొద్దు మీద తొడలు కొట్టేదీ అదే. పని అయిపోతుంది, కాదనను. కానీ ఒలిచిన తోలును వెలుతురుకు పట్టి చూస్తే గాట్లు కనిపిస్తాయి. తోలుతో పాటు ఊడొచ్చిన మాంసం తునకలు కనిపిస్తాయి. పొట్ట చీల్చేటప్పుడు పేగు తెగి పేడ కారితే, దాన్ని కడగడానికి బకెట్ల కొద్దీ నీళ్లు పోసి మంచి మాంసాన్ని నానబెట్టుకుంటారు.

నేను చెప్పేది ఒకటే. ఒలిచే కత్తి వేరు, కొట్టే కత్తి వేరు. ఒలిచే కత్తి పొట్టిగా, పలుచగా, మడత లేకుండా ఉండాలి. ఉక్కు పేరు, పిడి సోకు, ఒర అందం ఆ తర్వాతి సంగతులు.

ఆన్‌లైన్‌లో వెతికితే 'హంటింగ్ నైఫ్' పేరుతో వందల కత్తులు వస్తాయి. అవి జింకల వేటకు లైసెన్సులిచ్చే అమెరికా, యూరప్ దేశాల వాళ్ల కోసం పుట్టిన కత్తులు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, కణితి, కృష్ణజింక, ఏదైనా సరే, వేటాడితే జైలు. నల్లమల అంచున ఉన్న ఊళ్లలో ఈ చట్టం ఇంకా గట్టిగా అమలు కావాలనే నేను కోరుకుంటాను. అయితే ఆ కత్తుల వెనక ఉన్న అసలు ఆలోచన మన పొట్టేలుకు పనికొస్తుంది. రెండూ నెమరువేసే జంతువులే. రెండింటికీ పొట్టలో నాలుగు అరలే, తోలుకూ కండకూ మధ్య పలుచని పొరే. అడవిలో జింకను శుభ్రం చేసే అనుభవజ్ఞులు ఏళ్లుగా వాడేది మూడున్నర, నాలుగు అంగుళాల అలుగు (పిడి పోగా మిగిలే ఉక్కు పలక) ఉన్న మామూలు కత్తి. బొమ్మల్లో మెరిసే ఎనిమిదంగుళాల కత్తి, వెన్ను మీద రంపప్పళ్లున్న కత్తి అమ్మకం కోసమే.

వాటిలో కొన్నింటికి వెన్ను మీద, మొన దగ్గర ఒక కొక్కెం ఉంటుంది. పేగు తెగకుండా పొట్ట మీది తోలును లాగి చీల్చడానికి పెట్టింది అది. పదునుగా ఉన్నన్నాళ్లు బాగానే తెగుతుంది. పదును పోయాక దాని లోపలి వంపులోకి మన సానరాయి దూరదు, సన్నని గుండ్రటి ఆకురాయి కావాలి. పైగా గొర్రె వెంట్రుకలు, కొవ్వు ఆ వంపులో ఇరుక్కుంటాయి. రెండు వేళ్లు సరిగా పెట్టడం తెలిసినవాడికి ఆ కొక్కెంతో పని లేదు.

ఆ వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియాలంటే పని వరస చెప్పుకోవాలి. కత్తి ఎలా ఉండాలో ఆ వరసే చెబుతుంది.

మన నెల్లూరు గొర్రె దేశంలోకెల్లా ఎత్తైన జాతి. ఒళ్లంతా తెల్లగా ఉండేది పల్ల, మూతి, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుండేది జోడిపి, ఎర్రటి గోధుమ రంగుది దొర. మూడింటికీ ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. ఉన్ని లేని గొర్రెల తోలు పలుచగా, మెత్తగా ఉండి చేతి తొడుగులకూ కోట్లకూ పనికొస్తుంది. కాబట్టి మన గొర్రె తోలు మీద పడ్డ ప్రతి గాటుకూ ఖరీదు ఉంది. తోలును శుద్ధి (టానింగ్) చేశాక, లోపలి వైపు నుంచి పడ్డ సగం గాటు కూడా రంధ్రంగా తేలుతుంది.

నెత్తురు పూర్తిగా కారిపోయి, ఒంట్లో కదలిక ఆగాక వెనక కాళ్ల నరాల దగ్గర కట్టి తలకిందులుగా వేలాడదీస్తారు. వేపకొమ్మైనా సరే, ఇనుప కొక్కెమైనా సరే, తొడలు మన రొమ్ము ఎత్తుకు రావాలి. వెనక కాలి లోపలి వైపు, మోకీలు దగ్గర చిన్న చీలిక పెట్టి కత్తి మొనను తోలు కిందికి పోనిచ్చి, వాదరను, అంటే పదునున్న అంచును, పైకి తిప్పి, లోపలి నుంచి బయటికి కోస్తూ పోవాలి. బయటి నుంచి లోపలికి కోస్తే రెండు నష్టాలు. తెగిన వెంట్రుకలు మాంసం మీద రాలి అంటుకుంటాయి, ఎంత కడిగినా పోవు. రెండోది, మెట్ట చేలలో పడుకున్న గొర్రె వెంట్రుకల నిండా మట్టి, ఇసుక ఉంటాయి. ఆ ఇసుక మీద వాదర నాలుగు సార్లు నడిస్తే పదును పోతుంది. 'ఈ కత్తి ఒక్క పొట్టేలుకే మొద్దుబారింది' అని తిట్టుకునే వాళ్లలో చాలామంది వెంట్రుకల మీద నుంచి కోసినవాళ్లే.

తొడల దగ్గర తోలు కాస్త విడివడ్డాక కత్తి పక్కన పెట్టాలి. ఒంట్లో వేడి ఉన్నంతసేపు పక్కలు, వీపు మీది తోలు పిడికిలితో నొక్కుతూ పోతేనే వస్తుంది. ఎడమ చేత్తో తోలు లాగుతూ, కుడి పిడికిలిని తోలుకూ పొరకూ మధ్య తోయాలి. పొర మాంసం మీదే ఉండిపోవాలి, అదే ఆ తర్వాత మాంసం ఎండిపోకుండా కాపాడేది. కత్తి మళ్లీ కావాల్సింది రొమ్ము ఎముక మీద, తోక మొదట్లో, ముందు కాళ్ల సందుల్లో, మెడ మీద. ఈ చోట్ల తోలు గట్టిగా అంటుకుని ఉంటుంది. ఇక్కడ వాదరను ఎప్పుడూ తోలు వైపు కాస్త వంచి పెట్టాలని కొందరు, మాంసం వైపు వంచాలని కొందరు అంటారు. నా మాట: అలుగు పలుచగా ఉంటే ఈ తగువే రాదు. రెండింటి మధ్య తెల్లటి నూలుపోగుల్లాంటి కణజాలం ఉంటుంది, దాని మీదే అలుగు బల్లపరుపుగా జారాలి. ఐదు మిల్లీమీటర్ల మందం కత్తి అక్కడ బల్లపరుపుగా పడుకోదు, ఏదో ఒక వైపు తిరుగుతుంది. గాట్లు పడేది అందుకే.

తర్వాత గుద ద్వారం చుట్టూ గుండ్రంగా కోసి, వేళ్లతో బయటికి లాగి పురికొసతో ముడి వేయాలి. మెడ దగ్గర గాలిగొట్టం పక్కన ఉండే మేతగొట్టాన్ని విడదీసి దానికీ ముడి వేయాలి. ఈ రెండు ముళ్లు వేయనివాళ్లు మంచి కత్తి కొన్నా మాంసం పాడుచేస్తారు. తలకిందులుగా వేలాడుతున్న పొట్టేలు పెద్దపొట్టలో నీళ్లతో కలిసిన మేత ఉంటుంది, అది మెడ దారిన కారి మెడ మాంసమంతా పచ్చగా చేస్తుంది.

ఇక పొట్ట. తొడల సందు కింద వేలు పట్టేంత చిన్న గాటు. చూపుడు వేలు, మధ్య వేలు లోపలికి పోనిచ్చి వాటి నడుమ కత్తిని వాదర బయటికి వచ్చేలా పట్టుకుని, వేళ్లతో పేగులను వెనక్కి నెట్టుకుంటూ రొమ్ము ఎముక దాకా దిగాలి. ఈ ఒక్క నిమిషం పనిలోనే కత్తి పొడవు తేలిపోతుంది. చూపుడు వేలు దాదాపు ఏడెనిమిది సెంటీమీటర్లు. అలుగు పది సెంటీమీటర్లుంటే, వెన్ను మీద వేలు చాపితే మొన రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. కనిపించకపోయినా మొన ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. ఇరవై సెంటీమీటర్ల అలుగుతో మొన ఎక్కడుందో ఊహే తప్ప తెలియదు. ఆ మొనే పెద్దపొట్టను గుచ్చేది, మూత్రపు తిత్తిని చీల్చేది. కార్జానికి అంటుకున్న పసరు తిత్తి దగ్గర కూడా అంతే. అది పగిలితే కార్జం మీద పచ్చ మరక పడ్డంత మేరా కోసి పారేయాల్సిందే, చేదు కడిగితే పోదు.

కాబట్టి అలుగు పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, అంటే దాదాపు నాలుగు నుంచి నాలుగు ముప్పావు అంగుళాలు. వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు చాలు. వెన్ను మొన వైపు కాస్త కిందికి వాలాలి, వాదర మొన దగ్గర నిండుగా వంపు తిరగాలి. ఆ వంపే ఒలిచేది. మొన పైకి లేచి ఉన్న కత్తి ఒలిచేటప్పుడు తోలును గుచ్చుతుంది. బాకులా రెండు వైపులా పదునున్నది అసలు వద్దు, వేలు వెన్ను మీద పెట్టే వీలే పోతుంది.

మందం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, కొనేవాళ్లు చూడనిది ఇదే. వెన్ను 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. 3 దాటితే వదిలేయండి. అంతకన్నా ముఖ్యం, సాన పట్టిన అంచుకు సరిగ్గా పైన మందం. అది అర మిల్లీమీటరు లోపు ఉండాలి. వెర్నియర్ ఉంటే కొలవొచ్చు, లేథ్ షాపులో అడిగితే కొలిచి చెబుతారు. ఎంత పదును పెట్టినా ఆ చోట ఒక మిల్లీమీటరు మందం ఉంటే కత్తి గొడ్డలిలా చీలుస్తుంది గానీ జారదు. 'మందంగా ఉంటే విరగదు' అనేది ఎముక కొట్టే కత్తి లెక్క. ఒలిచే కత్తి ఎముకను కొట్టకూడదు, కీలు సందులో దూరాలి.

అంచు కోణం ఒక్కో వైపు 18 నుంచి 20 డిగ్రీలు. దీన్ని కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు అలుగును రాయి మీద పడుకోబెట్టి వెన్నును 8 మిల్లీమీటర్ల ఎత్తు లేపితే దాదాపు 19 డిగ్రీలు వస్తుంది. ఆ ఎత్తున్న చెక్కముక్క ఒకటి పక్కన పెట్టుకుని, ప్రతి పది రుద్దులకూ ఒకసారి వెన్నును దానికి ఆనించి చూసుకుంటే చేయి అలవాటు పడుతుంది. 15 డిగ్రీలకు దించితే ఇంకా బాగా తెగుతుంది, కానీ రొమ్ము ఎముక తగలగానే అంచు మడతపడుతుంది.

మడత కత్తి ఎందుకు వద్దంటే, మడత సందులో కొవ్వు, నెత్తురు దూరతాయి. గొర్రె కొవ్వు చల్లారితే గడ్డకట్టే రకం, వేడినీళ్లకు తప్ప రాదు. సందులో మిగిలింది మర్నాటికి కుళ్లుతుంది. తాళం లేని మడత కత్తి అయితే పని మధ్యలో వేళ్ల మీద మూసుకునే ప్రమాదం కూడా ఉంది.

పిడి 11, 12 సెంటీమీటర్లు ఉండాలి, అరచేయి దాటి కాస్త బయటికి రావాలి. అలుగు మొదట్లో వేలు ముందుకు జారకుండా చిన్న మెట్టు తప్పనిసరి. కొవ్వు పూసుకున్న చేతికి నున్నటి పాలిష్ పిడి కన్నా ప్రమాదం లేదు. ఉక్కు పిడి చివరి దాకా వెళ్లాలి. పిడిలోకి సగం దిగి లక్కతో అతికించినవి వేడినీళ్లకు వదులవుతాయి. చెక్క పిడి కావాలంటే బాగా ఎండిన నల్లతుమ్మ, సండ్ర, చింత లాంటి గట్టి చెక్క వేయించండి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే పనివాళ్ల చేతి నునుపు, వంపు చూస్తే, పిడిని కూడా వాళ్ల చేతే చెక్కించాలనిపిస్తుంది. అయినా శుభ్రత మాటకొస్తే కబేళాల్లో వాడే గరుకు ప్లాస్టిక్ పిడే మేలు. నెత్తురు పీల్చదు, మరిగే నీళ్లకు చెడదు. పసుపో నారింజో రంగుదైతే గడ్డిలో పడినా దొరుకుతుంది.

ఉక్కు. కొనే కత్తుల్లో జర్మన్, స్విస్ మాంసం కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ రకంలో అర శాతం కార్బన్, దాదాపు 15 శాతం క్రోమియం ఉంటాయి. గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 55, 56 ప్రాంతం. పదును మహా ఎక్కువసేపు నిలవదు, కానీ ఉక్కు కడ్డీ మీద నాలుగు సార్లు రాస్తే తిరిగొస్తుంది. ఈ పనికి అదే కావాలి. స్వీడన్‌లోని మోరాలో తయారయ్యే కంపానియన్ రకం కత్తి కూడా పది సెంటీమీటర్ల పైచిలుకు అలుగు, రెండున్నర మిల్లీమీటర్ల మందంతో సరిగ్గా ఈ పనికి సరిపోతుంది. 'డమాస్కస్' అని చారలు చూపించి అమ్మేవాటికి దూరంగా ఉండండి. ఏ రెండు ఉక్కులు అతికారో, ఎలా కాల్చారో చెప్పని కత్తికి చారలు పదునివ్వవు.

కమ్మరి దగ్గర చేయించుకోవాలనుకుంటే, నాకు ఇష్టం కూడా అదే, ముడి ఇనుము ఎంపికలోనే సగం కత్తి ఉంది. లారీ కమాను పట్టీ మంచి ఉక్కే, కానీ మందం ఎక్కువ. రెండున్నర మిల్లీమీటర్లకు సాగగొట్టే ఓపిక ఉన్న కమ్మరి కావాలి. ఏళ్లు తిరిగిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు కూడా ఉంటాయి. పాత ఆకురాయిలో కార్బన్ ఒక శాతం పైనే, పదును అద్భుతంగా నిలుస్తుంది. కానీ దాని పళ్ల గీతలు పూర్తిగా అరగదీయకపోతే అక్కడి నుంచే చిట్లుతుంది. మిషన్ హ్యాక్సా బ్లేడుతో చేసినవి ఎక్కువగా హైస్పీడ్ స్టీలు. గట్టిగా ఉంటాయి, కింద పడితే రెండు ముక్కలు. చీమకుర్తి, ఒంగోలు వైపు గ్రానైటు కోసి పారేసిన చక్రాల పలకలు చవగ్గా దొరుకుతాయి, సామిల్లు రంపపు ముక్కలూ అంతే. వీటితో చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఆకారానికి కోసి, నేరుగా సాన పట్టి, కత్తి అని ఇస్తారు. రంపం పలకను చిట్లకుండా కావాలనే మెత్తగా ఉంచుతారు, కత్తికి కావలసిన గట్టిదనం దానికి ఉండదు. మళ్లీ కాల్చి నూనెలో ముంచితేనే కత్తి అవుతుంది.

ఆ ముక్క గట్టిపడే రకమో కాదో ముందే తేల్చుకోవచ్చు. వేలెడంత ముక్క కోసి, కొలిమిలో అయస్కాంతం అంటుకోని దాకా, ఇంకాస్త ఎర్రబడేదాకా కాల్చి నూనెలో ముంచండి. చల్లారాక వైస్‌లో బిగించి సుత్తితో కొట్టండి. గాజులా పటుక్కున విరిగితే పనికొస్తుంది. వంగితే ఆ ఇనుముతో గడ్డపార చేయించుకోండి, కత్తి వద్దు. గట్టిపడిన అలుగును అలాగే వాడకూడదు. 200 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర మళ్లీ వేడి చేయాలి. కొలిమిలో అయితే తుడిచి మెరిపించిన ఉక్కు మీద లేత గడ్డి రంగు రావడం దానికి గుర్తు. రంగు నీలం దాకా పోయిందంటే వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరిందని, అంచు మెత్తబడిందని అర్థం. పదును పెట్టే కరెంటు చక్రం మీద కూడా ఇదే జరుగుతుంది. అలుగు అంచున నీలం మరక కనిపిస్తే, నాలుగు సెకన్ల తొందరకు కమ్మరి పనంతా పోయినట్టే. చక్రం మీద పట్టినంతసేపూ వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచమని చెప్పండి, అంతకన్నా మేలు చేతి సానరాయి.

కత్తి చేతికొచ్చాక ఇత్తడి కడ్డీ ఒకటి తీసుకుని, అంచును దాని మీద ఏటవాలుగా ఆనించి మెల్లగా నొక్కుతూ జరపండి. అంచు కాస్త వంగి తిరిగి నిలబడితే సరి. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, చిట్లితే మరీ గట్టి. చిట్లినదాన్ని ఇంకాస్త ఎక్కువ వేడి మీద మరో గంట ఉంచితే కుదురుతుంది.

ఒక పొట్టేలుకు ఇలాంటి కత్తులు రెండుండాలని నా పట్టుదల. ఒకటి తోలుకు, ఒకటి లోపలి పనికి. తోలు కోసిన కత్తి మీద పేడ, మట్టి, సూక్ష్మజీవులు ఉంటాయి, దాంతోనే పొట్ట తెరిస్తే అవన్నీ మాంసంలోకి వెళ్తాయి. పెద్ద కబేళాల్లో కత్తులను 82 డిగ్రీల వేడినీళ్లలో ముంచి మార్చి మార్చి వాడతారు. మన దగ్గర పొయ్యి మీద మరుగుతున్న ఒక గిన్నె నీళ్లు చాలు. రోహిణికార్తె ఎండల్లో ఇది మరీ ముఖ్యం. నలభై డిగ్రీల వేడిలో పేగులు లోపలే ఉంచితే అరగంటకే పొట్ట ఉబ్బడం మొదలవుతుంది. ఇంకో మాట, ఏ కత్తికీ మినహాయింపు లేనిది. తనంతట తాను చచ్చిన గొర్రెను, ముఖ్యంగా ముక్కు నుంచో గుదం నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారిన గొర్రెను కోయొద్దు. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ఒళ్లు తెరిస్తే గాలి తగిలి ఆ క్రిమి ఏళ్ల తరబడి మట్టిలో బతికే రూపంలోకి మారుతుంది, మనుషులకూ అంటుకుంటుంది. పశువైద్యుడికి కబురు పెట్టండి.

కొట్టే కత్తి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బరువుగా, మందంగా, 25 డిగ్రీల అంచుతో ఉంటే చాలు. దాన్ని మొద్దు దగ్గరే ఉంచండి. బండిలో పెట్టుకుని తిరిగే కత్తి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోవాలి. తొమ్మిదంగుళాల పొడవు గానీ, రెండంగుళాల వెడల్పు గానీ దాటిన అలుగులు ఆయుధ చట్టం నిబంధనల్లో ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉన్నా, దారిలో ఆపినవాళ్లకు అది నచ్చజెప్పడం మన పని అవుతుంది. నాలుగంగుళాల కత్తికి ఆ బాధ లేదు.

కార్బన్ ఉక్కా, స్టెయిన్‌లెస్సా అన్నదానికి నా జవాబు ఊరిని బట్టి మారుతుంది. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ఊళ్లలో కార్బన్ ఉక్కు హాయిగా బతుకుతుంది. సముద్రానికి దగ్గరగా, కొత్తపట్నం, ఇస్కపల్లి వైపు ఉండేవాళ్లు స్టెయిన్‌లెస్ కొనుక్కోవడమే మంచిది. ఉప్పుగాలికి కార్బన్ అలుగు ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది, తోలుకు చల్లే కళ్లుప్పు ఒక పలుకు అంటుకున్నా చాలు, గుంట పడుతుంది. పని కాగానే వేడినీళ్లు, సబ్బుతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె పలుచగా రాయండి. వేరుశనగ నూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది. తోలు ఒరలో పెట్టి దాచొద్దు, ఒర తేమను పట్టి ఉంచుతుంది. ఒర మోసుకెళ్లడానికి మాత్రమే, ఇంట్లో ఉన్నప్పుడు కత్తిని పిల్లలకు అందనంత ఎత్తులో, గాలి తగిలేలా గోడకు వేలాడదీయండి.